ఉసిగొల్పడం కాదు, పసిగట్టడం నేర్పుదాం

కుక్కల దగ్గర పుట్టి మనుషుల మాటల్లోకి వచ్చిన పదాలు తెలుగులో రెండు ఉన్నాయి. ఒకటి ఉసిగొల్పడం. ‘ఉస్ ఉస్’ అంటూ కుక్కను ఎవరి మీదికో, దేని మీదికో తోలడం. రెండోది పసిగట్టడం. పసి అంటే వాసన. కంటికి కనబడని దాని జాడను వాసనతో తెలుసుకోవడం. ఇప్పుడు ఈ రెండు మాటలనూ మనుషుల గురించే ఎక్కువగా వాడుతున్నాం. ఫలానా వాడు గొడవకు ఉసిగొల్పాడంటాం, ప్రమాదాన్ని ముందే పసిగట్టాడంటాం. మొదటిది నిందకు, రెండోది మెచ్చుకోలుకు. మన పెద్దలు ఈ రెండు పనులకూ ఏ విలువ కట్టారో భాషే చెబుతున్నది.

ఇవాళ మేము రాస్తున్నది మాత్రం అచ్చంగా కుక్కల గురించే. మన షోలాపూర్ తూర్పు భాగంలో, సాఖర్ పేఠ నుంచి అశోక్ చౌక్, దత్తనగర్, అటు కుంభారి దిక్కు కొత్త ఇండ్ల దాకా, సన్న నడుము, పొడుగు మూతి, పొడుగు కాళ్ల కుక్కపిల్లలు ఈ మధ్య ఎక్కువగా కనబడుతున్నాయి. కారవాన్ అని కొందరు, కర్వానీ అని కొందరు, ముధోళ్ అని ఇంకొందరు అంటున్నారు. చెవుల మీద, తోక మీద జూలు ఉంటే పష్మి అంటారు. సాంచాల మీద పనిచేసే పోరగాళ్లు నెలల తరబడి పైసలు కూడబెట్టి తెచ్చుకుంటున్నారు. కుక్కను ప్రేమించడంలో తప్పేమీ లేదు. కానీ తెచ్చిన తర్వాత దానికి ఏం నేర్పుతున్నాం అన్నదే మా ప్రశ్న. సెలవు దినం రాగానే బండి మీద ఊరి బయటికి తీసుకుపోయి, చేలల్లో కుందేలు వెనక వదలడం నేర్పుతున్నాం. అంటే ఉసిగొల్పుతున్నాం. దీన్ని ఇంతటితో ఆపి, అదే కుక్కపిల్లకు జాడ పట్టడం, అంటే పసిగట్టడం నేర్పాలని మా అభిప్రాయం. ఇది చట్టం గురించి భయపడి అంటున్న మాట మాత్రమే కాదు. కుక్కకు మంచిది, నేత గల్లీలో బతికే మనకూ వీలైనది కాబట్టి అంటున్నాం.

ముందు ఈ కుక్క ఎవరిదో చెప్పుకుందాం. ‘వేటకుక్కలు మన వారసత్వం’ అని ఫోన్లలో తిరిగే మాట ఒకటి ఉన్నది. షోలాపూర్‌కు మగ్గంతో, నేత విద్యతో వచ్చిన పద్మశాలీలకు వేటకుక్క వారసత్వం కాదు. మన వారసత్వం పడుగు, పేక, నాడె, కండె. కర్వానీ దక్కన్ పీఠభూమిది. వ్యాపారుల బిడారుల వెంట పడమటి నుంచి ఇటు వచ్చిందని, అందుకే కారవాన్ అనే పేరు పడిందని చెబుతారు. గొర్రెల కాపరులు, రైతులు తరతరాలుగా దీన్ని సాకారు. విజయపుర దాటి పోతే బాగల్‌కోట్ జిల్లాలో ముధోళ్ ఉన్నది. ఆ సంస్థానపు ఘోర్పడే రాజులు ఈ జాతిని పోషించి, బ్రిటిష్ చక్రవర్తి ఐదో జార్జికి బహుమతిగా కూడా ఇచ్చారు. ముధోళ్ పేరు దేశమంతా తెలిసింది అలాగే. 2005లో మన తపాలా శాఖ నాలుగు దేశవాళీ జాతుల మీద బిళ్లలు వేస్తే వాటిలో ముధోళ్ ఒకటి.

ఆ నాలుగింటిలో ఇంకొకటి మన తెలుగువాళ్లతో ముడిపడినది. అది రాజపాళయం. తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని ఆ ఊళ్లో విజయనగర కాలంలో వలసపోయిన తెలుగు రాజుల కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మనలాగే సొంత గడ్డకు దూరంగా స్థిరపడినవాళ్లు. ఆ తెల్ల కుక్కను నిలబెట్టింది వాళ్లే. ఒక జాగ్రత్త కూడా వాళ్ల కుక్క నుంచే నేర్చుకోవాలి. పాలలాంటి తెలుపు కోసం, గులాబి ముక్కు కోసం ఏరి ఏరి పెంచడం వల్ల ఆ జాతిలో పుట్టు చెవుడు ఒక సమస్యగా మారింది. అందం చూసి పని మరిస్తే జరిగేది అదే. ఇక ఆంధ్ర తీరంలో జోనంగి ఉన్నది. ఒంటి మీద పొట్టి వెంట్రుక, మొరుగుడికి బదులు కూతలాంటి అరుపు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలను తోలేది. చేపల చెరువులు పెరిగి, బాతుల పని తగ్గేసరికి కుక్కా తగ్గిపోయింది. పని పోతే జాతే పోతుందని దీన్ని చూస్తే తెలుస్తుంది. మన కర్వానీలకు కూడా పని కావాలి. ఆ పని ఏది అన్నదే అసలు సంగతి.

కుందేలు తరమడం ఆ పని కాదని ఎందుకు అంటున్నాం? మొదటి కారణం చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులో ‘వేట’ అంటే చంపడం ఒక్కటే కాదు. వల వేయడం, ఎర పెట్టడం, తోలడం, కుక్కలతో తరమడం, వీటికి ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి. ‘మేం చంపలేదు సార్, ఊరికే ఉరికించినం’ అంటే చెల్లదు. కుందేలు కూడా ఆ చట్టం రక్షణలో ఉన్న జంతువే. కృష్ణజింక అయితే మొదటి షెడ్యూలులో ఉన్నది. దాన్ని వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. జంతువును జంతువు మీదికి వినోదం కోసం ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కూడా నేరం. కార్ఖానాలో దినకూలీ మీద బతికే పోరడు ఒక్క కేసులో ఇరుక్కుంటే వకీలు ఖర్చుకే ఇంట్లో ఉన్న నాలుగు గ్రాముల బంగారం పోతుంది. ఆ వీడియోలను వాళ్లే తీసి ఫోన్లలో పెడుతున్నారు. అంటే సాక్ష్యం కూడా వాళ్లే తయారు చేసి ఇస్తున్నారు.

రెండో కారణం మన ఊరి చుట్టూ ఉన్న నేల. షోలాపూర్ చుట్టుపక్కల కనబడే ఎండు గడ్డి మైదానాలను మనం బంజరు అనుకుంటాం. బార్శి దారిలో ఉన్న నాన్నజ్‌లో బట్టమేక పిట్ట కోసం, మరాఠీలో మాళఢోక్ అంటామే దాని కోసం, 1979లో అభయారణ్యం ఏర్పాటయింది. ఆ పిట్ట గూడు కట్టదు, నేల మీదనే గుడ్డు పెడుతుంది, అదీ సాధారణంగా ఒక్కటే. ఇప్పుడు దేశం మొత్తం మీద ఆ జాతి అంతరించే అంచున ఉన్నది. ఆ గడ్డిలోనే కృష్ణజింకలు, తోడేళ్లు, నక్కలు, కుందేళ్లు బతుకుతున్నాయి. కుందేలు వెనక వదిలిన కుక్క కుందేలు దగ్గరే ఆగదు. జింక పిల్ల లేస్తే దాని వెనక, పిట్ట లేస్తే దాని వెనక పోతుంది. ఒకసారి తప్పిపోయిన వేటకుక్క అక్కడే తిరుగుతూ బతకడం నేర్చుకుంటే గడ్డి మీది ప్రాణులకు దానికన్నా పెద్ద ముప్పు లేదు.

మూడోది, కుక్క ఒళ్లు. కర్వానీ పెద్ద జాతి. భుజం దగ్గర రెండడుగులు దాటుతుంది. అలాంటి కుక్క ఎముకలు గట్టిపడడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఆరు నెలల పిల్లను నెర్రెలిచ్చిన నల్లరేగడి మీద, రాళ్ల గట్ల మీద పూర్తి వేగంతో ఉరికిస్తే కాలు విరగడానికి ఒక్క గుంత చాలు. విరిగిన తర్వాత ఏమవుతుందో మన గల్లీలలో చూస్తూనే ఉన్నాం. కుంటిదైన కుక్క, పందెంలో వెనకబడిన కుక్క, కుందేలును పట్టలేని కుక్క రాత్రికి రాత్రి పక్క పేఠలో తేలుతుంది. టీకా లేని, తిండి లేని, మనుషులంటే భయపడే కుక్క ఇంకొకటి వీధిలో పెరుగుతుంది. కరిచేది బడికి పోయే మన పిల్లలనే, తెల్లారి పనికి పోయే మన ఆడవాళ్లనే. రేబీస్ లక్షణాలు కనబడిన తర్వాత దాదాపు ఎవరూ బతకరు. ఎవరి సరదాకో ఎవరో చెల్లించే ధర ఇది.

ఇక మేము చెబుతున్న పని సంగతి. కుక్క ముక్కు ఎలాంటిదో ఒక్క లెక్క చాలు. వాసనను గుర్తించే కణాలు మనిషి ముక్కులో 50, 60 లక్షలు ఉంటే కుక్కలో 20 కోట్లకు పైనే. వాసన చూసేటప్పుడు సెకనుకు ఐదుసార్ల దాకా గాలి లాగుతుంది. వదిలే గాలి ముక్కు పక్క చీలికల్లోంచి పోతుంది కాబట్టి ముందున్న వాసన చెదరదు. మనిషి నడిచిపోతే నేల మీద రాలిన చర్మపు పొట్టు, నలిగిన గడ్డి, కదిలిన మట్టి, చెప్పుల వాసన అన్నీ కలిసి ఒక దారం పరిచినట్టు ఉంటుంది. మనిషి ఎటు నుంచి ఎటు పోయాడో తెలుసుకోవడానికి కుక్కకు ఎన్ని అడుగులు కావాలని బెల్‌ఫాస్ట్ పరిశోధకులు చూశారు. శిక్షణ ఉన్న కుక్కకు ఐదు అడుగుల జాడ చాలని 2005లో ప్రచురించారు. ఐదే ఐదు అడుగులు!

కర్వానీ చూపు కుక్క కదా, వాసన కుక్క కాదు కదా అని తెలిసినవాళ్లు అడుగుతారు. నిజమే. వేటకుక్కల్లో రెండు రకాలున్నాయి. బీగిల్, బ్లడ్‌హౌండ్ లాంటివి ముక్కు నేలకు ఆనించి జాడ వెంట పోయేవి. కర్వానీ, రాంపూర్, గ్రేహౌండ్ కంటితో చూసి ఉరికేవి. కర్వానీకి జాడ పట్టడం బీగిల్ అంత సుళువుగా రాదు. కానీ చూపు కుక్కకు కూడా ముక్కు ఉన్నది. కనబడేది ఏదీ లేనప్పుడు అది ముక్కునే నమ్ముకుంటుంది. సైన్యం కూడా 2016లో ముధోళ్ పిల్లలను మీరట్‌లోని తమ కుక్కల శిక్షణ కేంద్రానికి తీసుకుంది. ఇక మన గల్లీలో పుట్టిన మామూలు దేశవాళీ కుక్క అయితే ఈ పనిలో కర్వానీ కన్నా ముందే ఉంటుందని మా నమ్మకం. పైసలు పెట్టి కొనాల్సిన పనే లేదు.

వాసన పని కుక్క మనసుకు కూడా మంచిదని రుజువైంది. 2019లో డ్యురాంటన్, హొరోవిట్జ్ అనే పరిశోధకులు ఇంటి కుక్కలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రెండు వారాలు వాసనతో వెతికే ఆట, రెండో గుంపుకు యజమాని పక్కన నడిచే శిక్షణ ఇచ్చారు. తిండి ఉందో లేదో తెలియని గిన్నె ముందు పెట్టినప్పుడు, వాసన ఆట ఆడిన కుక్కలు మునుపటి కన్నా ఆశగా, వేగంగా దాని దగ్గరికి పోయాయి. రెండో గుంపులో ఆ మార్పు రాలేదు. పొద్దంతా సాంచాల చప్పుడులో, గొలుసుకు కట్టేసి ఉండే కుక్కకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పాలా?

జంతువును తరమకుండా వేటకుక్కకు పని ఇవ్వడం ఎక్కడైనా ఉందా అంటే ఉన్నది. ఇంగ్లండు ఉత్తరాన కంబ్రియా కొండల్లో జాడ పందేలు నడుస్తాయి. మనిషి ఒక ఉన్ని గుడ్డను సోంపు నూనె, కిరసనాయిలు లాంటి నూనెలో ముంచి కొండల మీద మైళ్ల దూరం ఈడ్చుకుంటూ పోతాడు. ఆ వాసన వెంట కుక్కలు పోటీపడి పోతాయి. ఏ ప్రాణీ చావదు. 1906 నుంచి దానికి సంఘం కూడా ఉన్నది. పిల్ల కుక్కలకు పొట్టి జాడలు వేరేగా వేస్తారు. ఆ ఆటను పెంచి పోషించింది జమీందార్లు కాదు, ఎక్కువగా పల్లెటూళ్ల, గనుల కష్టజీవులు. వాళ్లకు కావాల్సింది ఏమిటి? ఒక పాత గుడ్డ, కాస్త సోంపు. షోలాపూర్‌లో తువ్వాళ్లకు, చాదర్ల ముక్కలకు కొదవా? మన ఇంట్లో పోపుల డబ్బాలో సోంపు లేదా? ఈ ఆట మన పేఠ కోసమే పుట్టినట్టు ఉన్నది.

ఎలా మొదలుపెట్టాలో చెబుతాం. మొదటి మెట్టు ఇంట్లోనే. ఎనిమిది వారాల పిల్లకు బయటి నేల వద్దు. పార్వో, డిస్టెంపర్ వీధి నేల మీదనే పొంచి ఉంటాయి. ఆరు, ఎనిమిది వారాలకు మొదలయ్యే టీకాలు నాలుగు నెలల దాకా సాగుతాయి, రేబీస్ టీకా మూడు నెలలకు. అప్పటిదాకా ఇంట్లోనే ఉడకబెట్టిన కార్జం ముక్కను తువ్వాలు మడతల్లో, తలుపు వెనక, మంచం కింద దాచి వెతికించండి. ఒక జాగ్రత్త. బీడీలు చుట్టే ఇండ్లలో తంబాకు చాట పిల్లకు అందనివ్వకండి. పొగాకు తింటే కుక్కపిల్ల ప్రాణానికే ముప్పు. కార్ఖానా లోపల కూడా నేర్పవద్దు. నూనె వాసన, దూది దుమ్ము, సాంచాల మోత మధ్య పిల్ల భయం నేర్చుకుంటుంది తప్ప జాడ నేర్చుకోదు.

రెండో మెట్టు బయట. టీకాలు పూర్తయిన తర్వాత, పంట తీసిన చేను, యజమాని అనుమతితో. నాన్నజ్ దిక్కు గడ్డి మైదానాలు వద్దు, చెరువుల ఒడ్లు వద్దు. వేళ ముఖ్యం. ఎండకు నేల కాగితే వాసన పైకి లేచి చెదిరిపోతుంది. చలికాలం పొద్దున, వాన వెలిసిన తర్వాత సాయంత్రం, తేమ ఉన్న నేల మీద జాడ నిలుస్తుంది. చాళ్లల్లో, గట్టు నీడలో ఎక్కువసేపు ఉంటుంది. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటే ఎండలో కుక్కను బయటికి తేవడమే పాపం.

మెడకు పట్టీ కాదు, ఛాతీకి తొడిగే కట్టు వాడండి. గొంతు నొక్కుకుంటే కుక్క తల ఎత్తేస్తుంది. దానికి పదిహేను, ఇరవై అడుగుల తాడు. నవారు పట్టీ అయితే చేతికి కోసుకోదు, మన దగ్గర దొరికేదే. ఒకరు పిల్లను పట్టుకోవాలి. జాడ వేసే మనిషి దానికి కనబడవద్దు. చూపు కుక్క కంటితో చూస్తే ముక్కు వాడదు. సోంపు ఉడికించిన నీళ్లలో ముంచిన తువ్వాలు ముక్కను, గాలి వీపు మీద తగిలేటట్టు నడుస్తూ, ఇరవై అడుగుల దూరం తిన్నగా ఈడ్చాలి. దారిలో అక్కడక్కడ చిన్న కార్జం ముక్కలు, చివర తువ్వాలు మీద మంచి పిడికెడు. గాలి ఎదురుగా వస్తే పిల్ల నేలను వదిలి చివరి తిండి వాసననే గాలిలో పడుతుంది, అందుకే గాలి వెనక నుంచి ఉండాలి. వచ్చేటప్పుడు అదే దారిన రావద్దు. దూరంగా చుట్టు తిరిగి రావాలి. లేకపోతే రెండు జాడలు కలిసిపోతాయి.

అప్పుడు పిల్లను మొదట్లో నిలబెట్టి ఒక్క మాట చెప్పండి. మా సలహా ‘ఎతుకు’. తాత ‘ఎతుకు’ అని, మనవడు ‘శోధ్’ అని, పక్కింటి పోరడు ‘సర్చ్’ అని అంటే కుక్కకు గందరగోళం. ఇంటిల్లిపాదీ ఒక్కటే మాట వాడాలి. అది తెలుగు మాట అయితే, మరాఠీ బడికి పోయే మన పిల్లల నోట రోజుకు పదిసార్లు ఒక తెలుగు క్రియ పలుకుతుంది. అది కూడా లాభమే. ‘ఉస్’, ‘ఛూ’ మాత్రం ఆ ఇంట్లో వినబడవద్దు.

ఆ తర్వాత నోరు మూసుకోవాలి. ఇదే అన్నింటికన్నా కష్టం. పిల్ల జాడ తప్పితే చేత్తో చూపించవద్దు, తాడు గుంజవద్దు. నిలబడండి. అది అటూ ఇటూ తిరుగుతుంది, చిన్న చుట్టు వేస్తుంది, మళ్లీ దొరకబుచ్చుకుంటుంది. పడుగులో పోగు తెగితే సాంచా ఆపి, తెగిన కొన ఎక్కడున్నదో ఓపిగ్గా వెతికి అతుకు వేసినవాళ్లకు ఈ ఓపిక కొత్తగా నేర్పనక్కర్లేదు. పక్కవాడు తొందరపెడితే పోగు దొరకదు. కుక్కకూ అంతే. దానంతట అది కనుక్కున్న జాడే దానికి గుర్తుంటుంది.

ఇరవై అడుగులు కుదిరితే యాభై, ఆ పైన వంద. తర్వాత ఒక మలుపు. తర్వాత జాడ వేసి ఐదు నిమిషాలు ఆగి, పదిహేను నిమిషాలు ఆగి, అరగంట ఆగి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. దూరం పెంచిన రోజు మలుపు వద్దు, మలుపు వేసిన రోజు ఆలస్యం వద్దు. వారానికి రెండు మూడుసార్లు, సారికి పది నిమిషాలు. ఇంకా కావాలని కుక్క అడుగుతుండగానే ఆపాలి. తిండి ముక్కలను మెల్లగా తగ్గించి, చివరి పిడికెడే ఉంచాలి. తర్వాత వేరే మనిషి ఆ జాడను అడ్డంగా దాటేటట్టు చేసి చూడండి. రెండు జాడల్లో తనదేదో తేల్చుకున్న రోజున ఆ పిల్ల పని నేర్చినట్టు. ఆ తర్వాత సోంపు గుడ్డ లేకుండా, ఇంట్లో పిల్లవాడి మేజోడు వాసన చూపించి పిల్లవాణ్ని వెతికించవచ్చు. ఆటకు ఆట, పనికి పని.

ఒక్క నియమం మాత్రం ఎన్నడూ సడలించవద్దు. బయటి నేల మీద తాడు విప్పవద్దు. ఎంత నేర్చిన కర్వానీ అయినా కళ్ల ముందు కుందేలు లేస్తే చూపే గెలుస్తుంది. అది దాని పుట్టుక. దాన్ని తిట్టి లాభం లేదు, తాడు పట్టుకోవడమే మన బాధ్యత. ఉరకాలంటే, ఒళ్లు గట్టిపడ్డ తర్వాత, కంచె ఉన్న స్థలంలో ఉరకనివ్వండి.

దీనికి వచ్చే అభ్యంతరాలు మాకు తెలుసు. ‘నేతోళ్లకు వేటకుక్క ఏంటికి?’ అంటారు పెద్దవాళ్లు. న్యాయమైన మాటే. ఇరుకు ఇంట్లో, పొద్దంతా మనిషి లేని ఇంట్లో ఈ కుక్క వద్దనే మేమూ అంటాం. కానీ ఇప్పటికే వచ్చి చేరిన పిల్లలను ఏం చేద్దాం? వాటికి పని ఇవ్వకపోతే అవి వీధిలో పడతాయి.

‘వేటకు పుట్టిన కుక్కను గుడ్డ వాసన వెంట తిప్పుడేంది, దాని పౌరుషం పోదా?’ అంటారు పోరగాళ్లు. కుక్కకు పౌరుషం గురించి పట్టింపు లేదు, ఆ పట్టింపు మనదే. దానికి కావాల్సింది వెతకడం, దొరకడం, మన చేతి ముద్ద. పౌరుషం సంగతే అయితే, ట్రాఫిక్, డబ్ల్యుడబ్ల్యుఎఫ్ సంస్థలు 2008 నుంచి మన అటవీ శాఖల కోసం కుక్కలకు శిక్షణ ఇప్పిస్తున్నాయి. అవి దాచిన పులి చర్మాలను, ఎముకలను వాసనతో పట్టి వేటగాళ్లను పట్టిస్తున్నాయి. వేటగాణ్ని పట్టించే ముక్కు కన్నా పౌరుషం ఉన్నది ఏది?

మూడో అభ్యంతరం కాస్త లోతైనది. జాడ నేర్పడమంటే వేటకు మొదటి మెట్టే కదా అని. ఇంగ్లండులో 2004 చట్టంతో కుక్కల వేటను నిషేధించిన తర్వాత, కొందరు జాడ ఆట పేరు చెప్పి నక్క వాసన వాడి, అసలు నక్కల వెనకే కుక్కలను వదులుతున్నారన్న ఆరోపణలు చాలా వచ్చాయి. అందుకే మేము సోంపు అంటున్నాం, మేజోడు అంటున్నాం. కుందేలు తోలు, జింక వెంట్రుక తెచ్చి జాడ వేసేవాడు ఆట ఆడడం లేదు, వేటకు తయారు చేస్తున్నాడు. ఏ వాసన నేర్పితే ఆ వాసన వెంటే కుక్క పోతుంది. నేర్పేవాడి మనసులో ఏమున్నదో ఆ గుడ్డ వాసనే చెబుతుంది.

కుక్క పట్ల న్యాయం అన్నది మనకు కొత్త మాట కూడా కాదు. ఋగ్వేదంలో పణులు దాచిన ఆవుల జాడ కనిపెట్టింది సరమ అనే దేవతల కుక్క. నన్నయ్య తెలుగు భారతం ఆదిపర్వంలో ఆ సరమ కొడుకును, ఏ తప్పూ చేయని సారమేయాన్ని, జనమేజయుడి తమ్ముళ్లు కొడతారు. తల్లి వచ్చి రాజునే నిలదీస్తుంది, తగినది ఏదో తగనిది ఏదో చూడకుండా చేసినవాళ్లకు కీడు తప్పదని చెప్పిపోతుంది. తెలుగు కావ్యాల్లో మొదటిదని మనం చెప్పుకునే గ్రంథంలో, దాదాపు మొదట్లోనే ఒక కుక్కపిల్ల తరఫున వినిపించిన వాదం ఉన్నది. వారసత్వం కావాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి వారసత్వం ఏం కావాలి?

మేము అడిగేవి మూడే. కర్వానీ పిల్లను తెచ్చుకోవాలనుకుంటున్న ఇల్లు, ముందు దాని పదేళ్ల తిండికి, టీకాలకు, రోజుకు గంటసేపు మనిషి తోడుకు లెక్క వేసుకోవాలి. కుదరకపోతే మానుకోవాలి. ఇప్పటికే ఉన్నవాళ్లు ఈ చలికాలంలో ఒక పాత తువ్వాలు, గుప్పెడు సోంపు, ఇరవై అడుగుల నవారుతో మొదలుపెట్టాలి. మూడోది మన మండళ్లకు. గణపతికి, దేవి నవరాత్రులకు, మార్కండేయ రథోత్సవానికి ఇంత చందా, ఇంత మందిని కూడగట్టే మన పోరగాళ్లు, ఒక్క ఆదివారం పొద్దున ఏదైనా పంట తీసిన చేనులో జాడ పోటీ పెట్టలేరా? ఒక్కో కుక్కకు ఒక్కో జాడ, తాడు మీదనే, వెటర్నరీ డాక్టరు పక్కన ఉండగా, టీకా కాగితం చూపించినవాళ్లకే ప్రవేశం. వేగానికి కాదు, తప్పిన జాడను తిరిగి పట్టినదానికి బహుమతి. వీధి కుక్కను సాకినవాడికీ కర్వానీ కొన్నవాడికీ ఒకే వరుస. భివండిలో, సూరత్‌లో, ఇచల్‌కరంజిలో మనలాగే సాంచాల మధ్య బతికే తెలుగు కుటుంబాలు కూడా ఈ పని చేసుకోవచ్చు. కావాల్సిన గుడ్డ అందరి ఇండ్లలోనూ ఉన్నది.